బంతి ఆగిన చోటు

నైరోబీకి దక్షిణాన, సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము
మధ్యాహ్నానికల్లా ఫైళ్ల మీద వాలే ఊళ్లో
కౌంటీ ప్లానింగ్ ఆఫీసులో నాది మూడో బల్ల.
పేరు కాస్యోకా. పని, పచ్చరంగు చూడటం.

లేఔట్ వేసిన ప్రతివాడూ
పదోవంతు నేల అందరికీ వదలాలని రూలు.
వదులుతారు. ఎందుకు వదలరు?
హైటెన్షన్ తీగల కింద ఓ చీలిక,
సెప్టిక్ ట్యాంకుల వెనక ఓ త్రికోణం,
ఇల్లు నిలబడని చోట, కుక్క కూడా పడుకోని చోట
పెన్సిలు చెక్కి మరీ పచ్చగా నింపుతారు.
కత్తెర కింద రాలిన పీలికలన్నీ పోగేసి
చొక్కా కుట్టామంటారు.

కిమాంథి గారి లేఔటూ అలాగే వచ్చింది.
మూడువందల అరవై ప్లాట్లు. మూలన ఆకుపచ్చ,
చిలక చూస్తే చుట్టమనుకునేంత ఆకుపచ్చ.
సైటుకి వెళ్లాను,
అక్క కొడుకు దగ్గర అరువు తెచ్చిన ఫుట్‌బాల్
సంచిలో వేసుకుని.
"టేపు కదా మేడమ్ తేవాల్సింది?" నవ్వాడు డ్రైవరు ఒచోలా.

ఆ పచ్చరంగు నడిమధ్యన
నేల మీద బంతి పెట్టి చెయ్యి తీశాను.
కాసేపు ఆలోచించినట్టు కదిలి
వెళ్లిపోయింది.
తుమ్మముళ్ల లోంచి, రాళ్ల మీంచి, వాగులోకి.
ఒచోలా దిగి తెచ్చేసరికి
ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది.
రిమార్కుల గడిలో రాశాను:
బంతి ఆగలేదు.

కిమాంథి గారే వచ్చారు, ఆయనకన్నా ముందు ఆయన సెంటు.
"చెట్లంటే నాకూ ఇష్టమేనమ్మా.
నేల బదులు డబ్బు కడతాను. రూల్లో ఉంది."
ఉంది. నాకూ తెలుసు.
నేను పెరిగిన కాలనీకీ ఇలాగే డబ్బు కట్టారు.
ఆ డబ్బు ఏ స్టాపులో దిగిందో
ఏ మటాటూ కండక్టరూ చెప్పలేడు.
నేను సైకిలు నేర్చుకున్న ఖాళీ జాగాలో
ఇప్పుడు కార్లు కడుగుతున్నారు.
మా తమ్ముడు ముసెంబి రోడ్డు మీద ఆడుకున్నాడు.
ఇక్కడ కొంచెం ఆగుతాను.
రోడ్డు మీద ఆడుకున్నాడు.

"ముప్పై ఆరు ప్లాట్ల నష్టం, లెక్క వేసుకో" అన్నారాయన.
నాకు లెక్కలొచ్చు.
అందుకే సంతకం పెట్టలేదు.

నాలుగు నెలలు ఫైలు మెట్లెక్కింది, దిగింది.
"సర్దుకోవాలమ్మా" అన్నాడు మా పెద్దాఫీసరు.
సర్దుకోవడమంటే ఎవరో ఒకరు పక్కకి జరగడం.
జరగమన్నప్పుడల్లా జరిగేది
ఓటు లేని ఎత్తువాళ్లే, నడుము దాకా వచ్చేవాళ్లే.

చివరికి ఇంకో మ్యాపు వచ్చింది.
చదునైన నేల, వీధుల మధ్యన,
గొడుగుల్లాంటి మూడు తుమ్మచెట్లతో సహా.
ముప్పై ఆరు కాదు, ముప్పై ఒకటి.
ఆ అయిదూ ఎలా జారిపోయాయో నాకు తెలుసు.
అప్పటికి అలసిపోయి ఉన్నాను. సంతకం పెట్టాను.

ఇప్పుడక్కడ తలుపంత బోర్డు:
"కిమాంథి హోమ్స్ వారి కానుక."
ఆ దారిన పోయిన ప్రతి శనివారం నాలో నేనే గొణుక్కుంటాను.
కానుకేమిటి నా మొహం, బాకీ.
బాకీ తీర్చినవాడు రసీదు అడగొచ్చు గానీ
దండ అడక్కూడదు.

గొప్పగా ఏమీ లేదులెండి.
గడ్డి ఎండింది. ఉయ్యాల గొలుసులు ఎవరో ఎత్తుకెళ్లారు.
ఉన్న ఒక్క బెంచీ మీద మధ్యాహ్నాలు
ఓ మేక దర్జాగా నెమరేస్తుంది.
గోలు అవునా కాదా అని తగువు మాత్రం
చీకటి పడేదాకా తెగదు.

నిన్న నాలుగో వీధి వాళ్లు ఫిర్యాదు పంపారు,
పిల్లల అరుపులు భరించలేకపోతున్నామని.
నా బల్ల మీదే ఉంది.
రెండుసార్లు చదువుకున్నాను.