బెత్తెడు లెక్క

కోళ్ల ఫ్యాక్టరీ వాళ్లు వేళ్లకి ఖరీదు కట్టి పంపారు.
చూపుడువేలికి ఇంత, నడిమివేలికి ఇంత.
ఆ చెక్కు మడత విప్పి నా కౌంటరు మీద పరిచి
డెల్మర్ టాగెట్ అడిగాడు:
"మిస్ ఓపల్, దీనికేమొస్తాయి?"

అలబామాలో మార్చి నెల.
నది కాఫీ రంగులో ఉబ్బి రేవు మెట్లు మూడింటిని మింగింది.
ఎరచేపల తొట్టిలో మోటారు గురగురమంటోంది.
ముప్ఫై ఒక్కేళ్లుగా రాడ్లు అమ్ముతున్నాను,
కొనేవాడి మొహం చూసి ఎప్పుడూ అమ్మలేదు,
చెయ్యి చూసి అమ్మాను.
ఆ పూట చూడ్డానికి ధైర్యం చాల్లేదు.
అతనే జేబులోంచి తీసి
గల్లాపెట్టె పక్కన పెట్టాడు, చిల్లర పెట్టినట్టు.

రీళ్లన్నిటికీ పిడి కుడివైపే.
ఎడమ పిడిది ఒక్కటుంది,
ఎవరో పురచేతివాటం మనిషి ఆర్డరిచ్చి మళ్లీ రాలేదు,
నాలుగేళ్ల దుమ్ము.
ఊది ఇచ్చాను.

"తిరిగే చుట్ట మీద బొటనవేలు ఆనించే ఉంచాలి,
నిద్రపోయే పసివాడి వీపు మీద చెయ్యేసినట్టు.
నొక్కావా, ఎర పడవ పక్కనే పడి చస్తుంది.
వదిలేశావా, దారమంతా పిచ్చుకగూడు.
పనంతా బొటనవేలిదే, అది ఉందిగా నీకు."

అనేసి నాలిక కరుచుకున్నాను.

"ఉంది. దానికే వాళ్లు పైసా ఇవ్వలేదు," అన్నాడు.

రాడ్డు ఏడడుగులది.
కొస పైకప్పుకి ఆనించి వంచి చూపించాను:
కొస మాత్రమే లొంగాలి, నడుం లొంగకూడదు.
పిడి కింద కొక్కెంలాంటి ముక్కకి చూపుడువేలు చుట్టాలి.
అతను ఉంగరపువేలు చుట్టాడు.
రాడ్డేమీ అభ్యంతరం చెప్పలేదు.

దారం దగ్గర మాత్రం పోట్లాడుకున్నాం.
అతనికి నీళ్లలో కనపడనిది కావాలిట.
నేనన్నాను, ఈ బురదలో నీకు నీ తెడ్డే కనపడదు,
బాస్‌కి నీ దారం కనపడుతుందా?
అది నాచులో దూరి కూర్చుంటుంది,
తీగ లాగితే డొంకంతా కదలాలి,
డొంకతో సహా చేప రావాలి.
అల్లిన దారం తీసుకో. సాగదు, తెగదు.
ముడి పళ్లతో బిగించుకో.

చూపుడువేలు అక్కడికి ఖర్చయిపోయింది.

ఇక కయాక్.
కాళ్లతో తొక్కేది ముందు వరండాలో మెరుస్తోంది,
చేతులు ఖాళీగా ఉంటాయి, అతనికి అదే సరైనది.
ధర చీటీ తిప్పి చూసి
"దీనికి రెండు చేతులూ మొత్తం పోవాలి," అన్నాడు.
నవ్వాలో వద్దో తెలీలేదు. అతను నవ్వాక నవ్వాను.

వెనక టార్పాలిన్ కింద పాతది చూపించాను.
వెలిసిన ఆకుపచ్చ, పన్నెండడుగులు,
సీటు చిరిగింది,
చేపని కొలవడానికి అంచున అంటించిన స్కేలు మీద
అంకెలన్నీ ఎండకి ఎగిరిపోయాయి.
అందులో ఎక్కి నిలబడ్డాడు,
గడ్డిలోనే, బూట్లతో,
అటూ ఇటూ ఊగి చూసుకున్నాడు.
"ట్రక్కు మీదికి ఒక్కణ్ణే ఎత్తగలనా?"
ఒక్కడే ఎత్తాడు.
నేను చూడనట్టు ఎరచేపలకి మేత వేశాను.

నడిమివేలి డబ్బులో పదకొండు డాలర్లు మిగిలాయి.
రబ్బరు పురుగులు కొన్నాడు, ఊదా రంగువి.

వారానికి పిచ్చుకగూడుతో వచ్చాడు.
విప్పబోతే నా చేతిలోంచి లాక్కుని
కొట్టు కట్టేదాకా స్టూలు మీద కూచుని
తనే విప్పాడు.
ఒక్క పోగూ కొయ్యలేదు.

ఏప్రిల్లో ఓ ఉదయం, చొక్కా నిండా నాచు:
"పట్టాను మిస్ ఓపల్! పన్నెండు బెత్తెలు!"
ఫోన్ నదిలో పడిపోయిందిట, చేపని వదిలేశాడుట.
స్కేలు మీద అంకెల్లేవు కదా,
చెయ్యి ఆనించుకుంటూ కొలిచాడుట.

నా లెక్కకి ఆరు. పోనీ, ఆరున్నర.

తలుపు వెనక నల్లబల్ల మీద సుద్దతో రాశాను:
డెల్మర్ టాగెట్, పన్నెండు బెత్తెలు.

మధ్యాహ్నం ఐసు పెట్టెలు దింపడానికొచ్చిన కుర్రాడు
అది చదివి పగలబడి నవ్వాడు.
"ఇంత బాస్ ఈ భూమ్మీదే లేదు. ఎవరి బెత్తె ఇది?"

"పట్టినవాడిది," అన్నాను.