ఒక పాయింటు తేడా

ఆ కుర్చీ కాదు బాబూ, దాని కాలు ఊగుతుంది. ఇక్కడ కూర్చో.
అవును, ఆ దస్తూరీ నాదే.
ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత పెట్టేది
కార్డిన్ ఊరు మొత్తానికీ నేనొక్కదాన్నే,
మా నాన్న జర్మనీ నుంచి తెచ్చుకున్న అలవాటు.

పందొమ్మిది వందల నలభై తొమ్మిది. ఫిబ్రవరి. గురువారం.
కాగితం మిల్లు జట్టు మాది, పేపర్ కింగ్స్.
అవతల హార్ట్‌వెల్ డీజిల్స్.
హైస్కూలు జిమ్ములో ఆట.
ఎవరు తలుపు తెరిచినా వాళ్ళతో పాటు మంచు లోపలికొచ్చి
ఆ మూల నేల తడిసేది, ఆటగాళ్ళు అక్కడ బొంగరాల్లా తిరిగి పడేవాళ్ళు.
జీతాల గుమాస్తావి కదమ్మా అని
పెన్సిల్ నా చేతికిచ్చారు.

కూడి చూశావన్నమాట. మంచిది,
ఈ రోజుల్లో ఎవరూ కూడరు, నమ్మేస్తారు.
హూఫ్స్, ఏడు గోల్స్, నాలుగు ఫ్రీ త్రోలు: పద్దెనిమిది.
వాన్‌డెహే పదమూడు.
క్రౌస్ పది, మూడు ఫౌళ్ళు, ఒక బూతు. బూతుకి గడి లేదు.
షిమాన్‌స్కీ తొమ్మిది. వాడి పేరు ఎప్పుడూ
పక్క గడిలోకి పాకేది.
ప్రోయిస్ ఏడు.
స్టెంజ్ మూడు.
అరవై.
కింద నేను రాసింది అరవై ఒకటి.
డీజిల్స్‌కి అరవై.

నేనే గెలిపించానా అని కదూ నీ అనుమానం?
అది అడగడానికేనా ఇంత దూరం మంచులో కారు తోలుకొచ్చావు?
కాఫీ తాగు, చల్లారిపోతుంది.

ముప్ఫై ఏళ్ళు ఆ మిల్లులో జీతాల పుస్తకం రాశాను.
సెంటు అటూ ఇటూ అయిన రాత్రి
నా కంటికి కునుకుండేది కాదు.
బంతి వలలోంచి దిగడం ఈ కళ్ళతో చూశాను.
పాయింటు నిజం.
మనిషే తేలలేదు.

పదకొండు సెకన్లున్నాయి. సమానంగా ఉన్నారు.
స్టెంజ్ బుట్ట కిందికి దూరాడు,
వాళ్ళ పొడుగాటివాడు మీద పడ్డాడు.
మణికట్టు విరిగిన చప్పుడు నా బల్ల దాకా వచ్చింది,
చిన్నదే, పెన్సిల్ విరిగినంత.
దెబ్బ తగిలినవాడు వెయ్యలేకపోతే
బదులొచ్చినవాడు వెయ్యాలి, మా నియమం.
బెంచీ మీద మిగిలింది ప్రోయిస్ ఒక్కడే.

ఆ ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు.
ఒకడి ఫోర్డు కారు ఇంకొకడు అరువు తీసుకున్నాడు,
తిరిగొచ్చేసరికి రేడియేటర్ పగిలి ఉంది.
ఎవరి కారో కూడా ఇప్పుడు గుర్తులేదు.

ప్రోయిస్ మోకాళ్ళ మధ్య నుంచి వేసేవాడు, రెండు చేతులతో,
బకెట్టు నీళ్ళు వాకిట్లోకి విసిరినట్టు.
మొదటిది ఇనపరింగుకి తగిలి పోయింది.
రెండోది పడింది.

మిల్లు యజమాని పాయింటుకో డాలరు ఇచ్చేవాడు.
ఆట అయ్యాక ఇద్దరూ నా బల్ల దగ్గరికొచ్చారు.
"అది స్టెంజ్‌కి రాయి ఇర్మా, దెబ్బ వాడిది, వాడి సొమ్ము నాకొద్దు."
"బంతి నా చేతికి తగల్లేదు. వాడి ముష్టి నాకొద్దు."
స్టెంజ్ చెయ్యి తువ్వాలులో వేలాడుతోంది,
మొహం పిండిలా ఉంది,
అయినా గొంతు తగ్గించడే!
పెద్ద మనసనుకునేవు. పంతం, బాబూ. ఉత్త పంతం.
ఊడ్చేవాడొచ్చి ఒక్కొక్క దీపం ఆర్పుతున్నాడు.
ఆఖరి దీపం దగ్గర నేను తేల్చేశాను.

ఆ కాగితం ఇలా తే. కళ్ళజోడు కూడా.
ఇదిగో, ప్రోయిస్ పేరుకీ స్టెంజ్ పేరుకీ మధ్య
సరిగ్గా గీత మీద.
జిరాక్స్ మురికి అనుకున్నావు కదూ?
అది నేను పెట్టిన టిక్కు.

డాలరు ఎవరికిచ్చావని అడగవేం?
మేనేజరు రెండుసార్లు అడిగాడు.
ఆ వారం పుస్తకంలో "పెన్సిళ్ళు, ఒక డాలరు" అని ఉంటుంది.
కొన్నాను కూడా, మూడు డజన్లు, దొంగ లెక్క కాదు.
వాటిలో ఆఖరిది ఇది. పట్టుకో.
అంత తేడాగా ఉంటే నువ్వే సరిచెయ్యి,
ఏ వరసలో రాస్తావో
నేనూ చూస్తాను.