ఐదు గడుల బోర్డు

షార్జా, పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా.
మూతపడ్డ కోళ్ల హోటలు నెత్తి మీద
ఐదక్షరాలు: రోస్ట్.
తెలుగుల రాస్తే రెండే.
ఇంగ్లీషుల మాత్రం ఐదుగురు,
కంపెనీ బస్సు కోసం నిలబడ్డట్టు
ఎవరి జాగల వాళ్లు, ఒకరినొకరు తాకకుండ.

నేను విప్పేటోన్ని.
పదకొండేండ్ల సంది అక్షరాలు ఎక్కిస్త, దించుత.
చదువ రాదని కాదు,
నాకు వాటి బరువు ముందు తెలుస్తది.
డబ్ల్యూ మోస్తే భుజం గుంజుతది.
ఐ అయితే చంకల పెట్టుకోని నిచ్చెన దిగొచ్చు.
గోదాంల క్యూ డబ్బాల బల్లి గుడ్లు పెట్టింది,
దాన్ని ఎవరూ అడుగరు.

ఆగస్టు. గాలి తడిగుడ్డ లెక్క ముఖానికి అంటుకుంది.
ఆర్ వచ్చింది. ఓ వచ్చింది. ఎస్ వచ్చింది.
నడిమి ఏ రాలె, చివరి టీ రాలె.
బోల్టులు తుప్పుపట్టి గోడల్నే కలిసిపోయినయి.
కొత్తగ కిరాయికొచ్చిన ఫోన్లాయన
కింది నుంచి ఒకటే ఒర్రుడు:
పగలగొడితే గోడ పైసలు నేనియ్య!
ఫోర్‌మన్ కుర్యన్ నెత్తి గోక్కున్నడు.
ఐదక్షరాల మాట కావాలె,
మూడోది ఏ, ఐదోది టీ,
తెల్లారేసరికి.

ఆ రాత్రి మా గదిల
కింది మంచాల మీద నలుగురం, పైన ముగ్గురు,
అక్షరాలూ వాటి ఒత్తులూ లెక్క.
ఖుబూస్ తుంచుకుంట మాటలు ఏరినం.
ముత్తెన్న స్టార్ట్ అన్నడు,
మా వ్యాను ఎన్నడూ ఒక్క తిప్పుకు కానిది.
గుల్ జమాన్ జెయింట్ అన్నడు,
లేచి తలుపు నిండ నిలబడి చూపించిండు కూడ.
బేకరీల చేసే సలావుద్దీన్‌వి రెండు కుదిరినయి,
టోస్ట్ ఒకటి, ఈస్ట్ ఒకటి,
గెలిచినట్టు మీసం దువ్విండు.
రాజనర్సు చాలసేపు వేళ్ల మీద లెక్కపెట్టి
హార్ట్ అన్నడు.
ఎవ్వరం మాట్లాడలె.
ఆయన మీది మంచం జూన్ నుంచి ఖాళీ.

పొద్దుగాల కుర్యన్ తన మాట తనే తెచ్చుకున్నడు: స్మార్ట్.
ఫోన్ల దుకాణం మరి.
నేను ఫుట్‌పాత్ మీద అక్షరాలు పరిచి చూసిన.
మొదటున్న ఆర్ నాలుగో జాగకు,
నాలుగున్న ఎస్ మొదటికి.
ఎం ఒక్కటే కొత్తది.
ఇద్దరు జాగలు మారి, ఒకరు పోతే
కాల్చుడు కాస్త తెలివైంది.

పైన అరబ్బీ పేరు కుడి నుంచి నడుస్తది,
చెయ్యి చెయ్యి పట్టుకోని.
సిరియా పెయింటరు దాన్ని కుంచెతోటి రాసుకపోయిండు.
ఆయనకు గడుల బాధ లేదు.

ఓ మిగిలింది.
లోపట లైటు ఇంక సావలె,
వైరు తాకిస్తే ఎర్రగ మినుకుతది.
లెక్కల రాయలె. సంచిల వేసుకోని తెచ్చిన.
మా దిక్కు దీన్ని సున్న అంటం.
ఉత్తదే. కాని మాట నడుమ పడితే ఊకుండదు.
నా బడి నడుమ పడ్డది ఏడో తరగతిల.
బడి బండి అయింది.
పదమూడేండ్లకు ఇసుక ట్రాక్టరు తోలిన.

మంచం కొక్కేనికి తగిలించి
తువ్వాల ఆరేస్తున్న.
ఇదేం మాటరా అని రాజనర్సు అడిగిండు.
ఒక్కక్షరం మాట, ఇంకేవీ దొరకలె అన్న.
ఆయన దాంట్లకెళ్లి చెయ్యి పెట్టి
అవతల ఏమన్న ఉన్నదా అన్నట్టు తీసిండు.

నిన్న పువ్వుల దుకాణం ఆర్డరొచ్చింది.
ఆరక్షరాల బోర్డు. ఐదు దొరికినయి.
కుర్యన్ గోదామంత దేవులాడి
చెమట తుడుచుకుంట నా దిక్కు తిరిగిండు:
ఓ ఉన్నదా నీ దగ్గర?
నిచ్చెన మీది నుంచే జవాబు చెప్పిన,
రెండక్షరాల ఇంగ్లీషు మాట.
రెండోది అదే.