ప్రాపు

వేలు మీద వేలు పెట్టి వీపు మీద కొడుతుంటే
ఓదెలు నవ్విండు.
"కప్పు సూస్తున్నవా డాక్టరమ్మా?
మేం గుడ కట్టెతోని గిట్లనే కొట్టి సూస్తుంటిమి.
ఖంగుమంటె పనికి వో.
బోలుగ మోగితె బయటికురుకు."
కుడిదిక్కు కింద, మూడు వేళ్ల మేర
బండను కొట్టినట్టు మొద్దుగ పలికింది.
నేను చెప్పలె. ఆయన విన్నడు.

గోదావరిఖని ఏరియా దవాఖాన, మగోళ్ల వార్డు.
పొద్దున తుడిస్తే మాపటికి మళ్ల
కిటికీ చువ్వల మీద నల్లపొడి.
ముప్పై ఒక్క ఏండ్లు బాయిల టింబర్ పని.
రిటైరైన నాలుగేండ్లకు ఊపిరితిత్తిల గడ్డ,
తర్వాత వెన్నుల,
తర్వాత లెక్క వెట్టుడు మానేసినం.

ఓ రాత్రి, మూడో షిఫ్టు సైరన్ కూసినంక,
చేబదులు అడిగినంత మెల్లగ అడిగిండు:
"ఒక్క సూది. ఏదో నీకెరికే గద."

చట్టం ఒప్పదన్న.
"మరి నిరుడు మా నర్సింగానికి మిషన్ దీసిన్రు,
డాక్టర్లంత గూసొని, సంతకాలు వెట్టుకొని?"
అది వేరన్న.
"ఎట్ల వేరు?
బొగ్గంత తీసినంక, ఆఖరుకు
మేం నిలవెట్టిన ప్రాపులు మేమే గుంజేది.
సర్దార్ విజిలేస్తడు. అందరు ఎనుకకు.
గొలుసు గట్టి గుంజుతం.
కప్పు కూలుతది. కూలాలె.
కూలకుంట యాలాడితెనే భయం.
బరువంత పక్క గ్యాలరీ మీద వడ్తది,
ఇంక పనిజేసేటోళ్ల మీద."

పక్క గ్యాలరీల ఐలవ్వ
తడిగుడ్డ పిండుతున్నది.

నేను వాదించిన.
ప్రాపంటే మీకు కట్టె, మా అమ్మ మాటల అండ.
నర్సింగానికి మిషనే ప్రాపు.
అది తీస్తే ఆయన రోగమే ఆయనను తీస్కవోయింది.
నీకు గుంజడానికి ప్రాపేది?
నీ అంతట నువ్వే నిలవడ్డవు,
నిన్ను కూల్చాలంటే నేను సుత్తె పట్టాలె.
చెప్తుంటే నాకే వినవడ్డది
మాట బోలుగ మోగుడు.

చెప్పనిది ఇంకోటున్నది.
అంతకు ముందేడు, అయిదో నంబర్ మంచం,
సర్వీసు ఇంక పదకొండు నెలలు.
ఆయన బామ్మర్ది వరండాల నన్ను ఆపి
"సర్వీసుల ఉండంగనే అయితే
పిల్లగానికి నౌకరొస్తది మేడం" అన్నడు.
చెడ్డోడు గాదు. కండ్లల్ల నీళ్లున్నయ్.
తెల్లారి ఆ మనిషే నా చెయ్యి వట్టుకొని
"నాకిగ సాలు" అన్నడు.
ఆ మాట ఎవరిదో నాకు ఇప్పటికీ తేలలె.
సావుకు ధరున్న ఊర్ల
సూదుల బీరువ తాళం
ఎవరి నడుముకు గట్టాలె?

ఓదెలుకు ఈ సంగతి ఎట్ల చెప్త?
ఆయన రిటైరైండు. ఇచ్చిపోను నౌకరి లేదు.
నొప్పి ఒక్కటే ఆయన పేర మిగిలిన ఆస్తి.

నాలుగ్గంటలకోసారి ఇచ్చే మార్ఫిన్
రెండుగంటలకు తెచ్చిన.
నొప్పికని కేసుషీట్ల రాసిన. నిజమే రాసిన.
నిజం ఎంత సన్నగుంటదో
పెన్ను కొనకెరుక.

ఐలవ్వ మెట్ల కాడ ఎదురువడి
"సూది ఇయ్యకు బిడ్డా" అన్నది.
నాలుగు మెట్లు దిగి, వెనుకకు మళ్లి:
"ఇస్తె నాకు జెప్పకు."

ఇంకో పదకొండు రోజులు.
శుక్రారం, మొదటి షిఫ్టోళ్ల బండ్లు గేటు దాటేయాళ్ల పోయిండు.
నిద్రల గాదు. సుకంగ గాదు.
నడుమ ఒక్కసారి కండ్లు తెరిచి
వేలి ముడుసులతోని మంచం పట్టీని కొట్టిండు
మూడు దెబ్బలు,
చెవి ఒగ్గి విన్నడు.

సర్టిఫికెటు చేతికిస్తుంటే అడిగింది ఐలవ్వ:
"ఇచ్చినవా?"
"ఇయ్యలె."
తలకాయ ఊపింది.
అది మెచ్చుకునుడో, నిష్ఠూరమో
ఎన్ని తీర్ల కొట్టి సూసినా
నాకా చప్పుడు తెలుస్తలేదు.