ఎక్కువ నెల

జెర్బా దీవిలో, నీలం తలుపుల సందు చివర
నాన్న అచ్చుకొట్టు.
ఎండాకాలం వెనకబడగానే
వచ్చే సంవత్సరపు గోడ క్యాలెండర్ కూర్చేవాడు.
సీసపు అక్షరాలు, కుడి నించి ఎడమకి.
వరుస వదులైతే
అక్షరానికీ అక్షరానికీ నడుమ
సిగరెట్ కాగితం చీలిక దూర్చేవాడు.
"ఇది అచ్చులో పడదు కమూనా,
ఇది లేకపోతే మాత్రం
ఎత్తగానే వరుసంతా నేలపాలు."

ఆ యేడు పదమూడు గళ్ళు.
అదార్ నెల, దాని వెనక మళ్ళీ అదార్.
నాకు ఆరేళ్ళు, తప్పు పట్టుకున్నాననుకున్నాను.
"చంద్రుడి ఏడాది పదకొండు రోజులు పొట్టి.
ఊరుకుంటే వసంతపు పండుగ
జారి జారి చలిలో పడుతుంది.
అందుకని నడుమ ఒక నెల పెడతాం.
పెట్టడాన్ని ఇబ్బూర్ అంటాం."
గొంతు తగ్గించి,
"కడుపును కూడా" అన్నాడు.

అమ్మకు అప్పుడు మూడో నెల.
ఇంట్లో నెల తప్పింది,
గోడ మీద నెల ఎక్కువైంది,
రెంటికీ మాట ఒకటేనని
నాన్న నవ్వాపుకోలేక
కామాల పెట్టె బోర్లించాడు.
సాయంత్రం దాకా ఏరాను.

ఐన్, బేత్, రేష్.
మూడు సీసపు ముక్కలు నా అరచేతిలో పెట్టి
మాట మొదలు చూపించాడు: దాటడం.
అజీమ్ రేవు బల్లకట్టులో ఈ మూడే.
ఏరు దాటి వచ్చిన తాత పేరులో ఈ మూడే.
హద్దు దాటిన తప్పులోనూ ఇవే.
ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి ప్రాణం దాటుతుంది కనక
కడుపులోనూ ఇవేనని నాన్న ఊహ.
పండితుల్ని అడగలేదు.

పూర్వం లెక్కలు లేవట.
పెద్దలు చేలో నిలబడి
బార్లీ వెన్ను వేళ్ళతో నలిపి
పాలింకా గట్టిపడకపోతే
"ఇంకో నెల" అనేవారట.
సముద్రం అవతల రోమ్ పూజారులూ నెల దూర్చేవారు.
వాళ్ళ మాట విప్పితే కడుపు లేదు, కేక ఉంది,
రెండు నెలల నడుమ వేసిన కేక.

గెల్లాలా నుంచి ఆక్టోపస్ కుండలు తెచ్చే సాసి
గుమ్మంలో టీ తాగుతూ విన్నాడు.
"మేం ఏమీ పెట్టం.
మా ఉపవాసాల నెల ఎండలోనూ వస్తుంది,
వానలోనూ వస్తుంది.
వచ్చినప్పుడే దాని వేళ."
"అదీ నిజమే" అని నాన్న ఇంకో గ్లాసు పోశాడు.

తమ్ముడు నెలలు నిండకుండా
మొదటి అదార్ మూడో నాడు వచ్చాడు.
పండుగ దగ్గర్లో ఉందని షుషాన్ అన్నారు.
పండుగ రెండో అదార్‌లో.
వాడు ఇరవై రెండో నాడే వెళ్ళిపోయాడు.

పుట్టడం, ఒకసారి తుమ్మడం, పోవడం,
అంతా ఆ పెట్టిన నెలలోనే.
మామూలు ఏళ్ళలో ఒక్కటే అదార్,
అందులోనే దీపం పెడతాం,
అద్దె గదిలో పెట్టినట్టు.
పందొమ్మిదేళ్ళకు ఏడుసార్లు
వాడి నెల వాడికి వస్తుంది.

ఆ ఏడుసార్లూ అమ్మ
రెండు అదార్లలోనూ వెలిగించేది.
ఒకటి చాలన్నాడు రిబ్బి.
రెండోది ఎవరికమ్మా అంటే
వత్తి ఎగదోస్తూ అంది:
"ఇవతలికి దాటాడేమో, చూద్దామని."

కొట్టు ఇప్పుడు నాది.
కంప్యూటర్ వరుసల్ని తనే సర్దుకుంటుంది.
నిన్న అటక మీద నాన్న క్యాలెండర్లు దించాను.
తమ్ముడు పోయాక వచ్చిన
పదమూడు గళ్ళ సంవత్సరాలవి మాత్రం
స్కేలు పెట్టి కొలిచాను.
మొదటి అదార్‌లో
ఇరవై రెండుకీ ఇరవై మూడుకీ నడుమ
కాగితం చీలికంత ఎడం.
అన్నిట్లోనూ.
ఆ వరుస ఎక్కడా వదులుగా లేదు.