మూడో రేకు

ఉలవలు చల్లడానికి దున్నుతుంటే
నాగలి కొర్రుకి ఏదో కంగుమంది.
బిందె అనుకుంది పొట్నూరు దాలమ్మ.
మట్టి దులిపితే మూడు రాగిరేకులు, ఒక కడియం,
కడియం ముద్రలో అరిగిపోయిన ఎద్దు.
"ఎద్దు బొమ్మయితే మాదే కదా బావూ" అంది.
నవ్విందో లేదో తెలియలేదు.

నాది అచ్చులు తీసే పని.
చింతపండు పులుసులో రేకుని నానబెడతాను.
పన్నెండు వందల ఏళ్ళ కిలుం
పచ్చగా నా గోళ్ళలోకి దిగుతుంది.
సిరా అద్ది, తడి కాగితం పరిచి,
గుడ్డ ఉండతో తట్టి తట్టి
రాజుని నిద్ర లేపుతాను.

లేవగానే బిరుదులు చెప్పుకుంటాడు.
రేకున్నర వాటికే సరిపోయింది.
మహేంద్రగిరి దేవుడి పాదధూళి తన నెత్తినుందట,
పడగొట్టిన కోటలకి లెక్కలేదట.
గ్రహణం నాడు, కన్నవాళ్ళ పుణ్యం కోసం,
చేతిలో నీళ్ళు పోసి ఇచ్చానంటాడు.
ఏమిచ్చావు దొరా?
ఊరు.

తూర్పున పుట్ట.
ఆగ్నేయాన జంట రాళ్ళు.
దక్షిణాన గెడ్డ వంపు తిరిగే చోట కానుగ చెట్టు,
పడమర గొయ్యి, గొయ్యి పక్కన వాక కంప.
పుట్టకి చోటు దొరికింది. కంపకీ దొరికింది.
దున్నేవాళ్ళకి మాత్రం
"నివాసులతో సహా" అని ఒక్క మాట,
ధాన్యంతో పాటు కొలిచిన పొట్టులాగ.

రాజభటులు ఇక ఈ ఊళ్ళో అడుగు పెట్టరాదు.
దాలమ్మకి ఆ వాక్యం చదివి చెప్పాను.
"మంచిదే కదేటి?"
మంచిదే.
రాజు కోసం నింపిన కుంచాన్ని
మఠం గుమ్మం ముందు బోర్లించారు, అంతే తేడా.
తగువొస్తే తీర్పు అక్కడే,
దొంగ దొరికితే దండుగ అక్కడికే.
జపమాల తిప్పిన వేళ్ళు మెల్లగా
గాదెలు లెక్కపెట్టడం నేర్చుకున్నాయి.
మూడు తరాలు తిరిగేసరికి
కొత్త రాజు పట్టం కట్టుకోబోతూ
ఆ అరుగు కింద చెప్పులు విప్పి నిలబడి ఉంటాడు.
ఇది రేకులో లేదు, నా ఊహ.
రేకులో ఉన్నది వేరు.

మూడోది తిప్పి చూశాను.
తలకట్లు మారాయి.
మొదటి రెండూ చెక్కినవాడు ఉలిని వాల్చి పట్టాడు,
వీడు నిలబెట్టి పొడిచాడు.
రాగి కూడా పలచన.
పుట్ట దగ్గర ఆగిన ఊరు
ఈ రేకులో వంశధార ఒడ్డు దాకా నడిచింది.
ఆజ్ఞ అదే రాజుది.
లిపి చూస్తే, ఆయన పోయి నూరేళ్ళు దాటింది.

ఆముదాలవలస బడిలో మాకు చరిత్ర చెప్పిన
ఇన్నాసి మాస్టారు గుర్తొచ్చాడు.
"రోములోనూ ఒక దానపత్రం ఉండేదిరా,
చక్రవర్తి పోపుగారికి పడమటి సీమలు రాసిచ్చాడని.
ఇచ్చినవాడు పోయిన నాలుగొందల ఏళ్ళకి పుట్టింది.
ఏడొందల ఏళ్ళు చెల్లింది."
మాస్టారు ఆదివారం పూజ ఎప్పుడూ మానలేదు.
ఆ పాఠమూ మానలేదు.

శాపం ఆఖరున ఉంటుంది, అన్ని శాసనాల్లోనూ.
ఈ భూమి హరించినవాడు
అరవైవేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడు.
దొంగరేకులో ఆ రెండు పంక్తులే
అన్నిటికన్నా లోతుగా దిగాయి.
చెక్కినవాడి చెయ్యి వణికినట్టుంది.

దాలమ్మ చేను సరిగ్గా
పుట్టకీ ఏటికీ మధ్యన.
బోరు అప్పు కోసం నరసన్నపేట వెళితే
నిషేధిత జాబితాలో ఉందన్నారు, దేవుడి భూమి అన్నారు.
"ఈ రేకు తప్పని నువ్వు రాసిస్తే ఇనరా?"
వినరు.
ఆ ఆఫీసులో రాగి చదివేవాళ్ళు లేరు,
రాగి రాసిన దాన్ని కొట్టేసేవాళ్ళూ లేరు.

కాసేపు ఆలోచించింది.
"అయితే పురుగయ్యేదెవుడు బావూ?
నాగేసినోడా, రాసినోడా?"
అచ్చు ఆరబెడుతూ ఉండిపోయాను.
చింతపండు నీళ్ళు మొక్కలకి పోయకు, విషం, అన్నాను.
గిన్నె పట్టుకెళ్ళి
ఒకప్పుడు పుట్ట ఉన్న చోట పారబోసింది.
అక్కడిప్పుడు దేవాదాయ శాఖ బోర్డుంది.
పచ్చటి నీళ్ళు కాసేపు
దాని కాళ్ళ చుట్టూ నిలిచాయి.