మేట

వలందర రేవుకి ఎగువన, లేసుల కొట్టు మేడమీద
నెలకో శనివారం రాత్రి మాధవాయిపాలెం తెరుస్తాం.

తెరవడమంటే
పాత తెరచాప గుడ్డ మీద మేస్టారు గీసిన ఏటిని
నాలుగు మూలలా తూకపురాళ్ళు పెట్టి పరచడం.
పడవల మేస్త్రి చెక్కిన తుమ్మకర్ర ఓడలు,
గుడ్డ బేళ్ళకి గుండీలు, ఉప్పుకి తెల్ల గవ్వలు,
ఒండ్రుకి చింతపిక్కలు.
రూళ్ళ పుస్తకం అరవై పేజీలు.
కొత్తవాళ్ళు పదో పేజీలో నిద్రపోతారు.
మేం నలుగురం పాతవాళ్ళం.

చెప్పడానికి తేలికే:
ఓడ కట్టు, గుడ్డ కొను,
వలందావాళ్ళకో ఇంగిలీషువాళ్ళకో అమ్ము,
నవాబు మనిషికి ముట్టచెప్పు.
ఏడాది తిరిగిన ప్రతిసారీ
ఏటి మొగలో ఒక పిక్క పడుతుంది.
అది లంచానికి లొంగదు.
ముప్ఫయ్యో పిక్కకి రేవు మూసుకుపోతుంది,
అప్పటికి లోపలున్న సరుకు ఎవడిదీ కాదు.

అంచేత పచ్చివాడు గోదాములు కడతాడు,
కాస్త ఆడినవాడు ఓడలు కడతాడు,
ధనకోటి మాత్రం అందరికన్నా ముందు
"ఎత్తేశాను" అంటుంది
ఇరవై రెండుకి, మహా అయితే ఇరవై మూడుకి.
లేసు ఏజెంటు కదా,
దారం తెగబోయే ముందే వేలికి తెలుస్తుంది.
పదకొండేళ్ళలో ఆవిడ మీద నేను గెలిచింది రెండుసార్లు.
ఒకసారి ఆవిడకి జ్వరం.

మొన్న కార్తీకంలో, వాయుగుండం రాత్రి
కరెంటు పోయింది. జిలానీ ఇంజన్ల షెడ్డు లైటు తెచ్చాడు.
ఇరవై రెండు పడింది. ధనకోటి లేవలేదు.
ఇరవై మూడు. జీడిపప్పు కొరుకుతోంది.
ఎర ఇది, ఖాయంగా ఎర.
ఏసుపాదం నా వంక చూశాడు, నేను జిలానీ వంక.
లాకుల మీద ముప్ఫయ్యేళ్ళు నీళ్ళు చూసినవాడు ఏసుపాదం,
తలుపు ఎప్పుడు దించాలో తెలుసు. వాడూ దించలేదు.
ఆవిడ ఉందంటే ఏదో ఉందని
ముగ్గురం ఉండిపోయాం.
ఇరవై ఎనిమిది.
నా అయిదు ఓడలూ రేవులోనే.
ఇరవై తొమ్మిది.

టక్కుమని ఒక పిక్క.
నలుగురం ఒక్కసారే దివాలా.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు జిలానీ.
"అరవయ్యో పేజీలో ఏముందో
ఎప్పుడూ చూడలేదు కదా" అంది.

నిజమే. అక్కడిదాకా రాకుండానే
ఎవరో ఒకరు గెలిచేసేవాళ్ళం.
ఆఖరి కాగితం తేమకి అట్టకి అంటుకుపోయింది.
ధనకోటి క్రోషే సూదితో మెల్లగా విడదీసింది.
మేస్టారి గుండ్రటి రాత, ఒకటే రూలు:
మేట లంకవుతుంది. ఆట ఇక్కణ్ణుంచి మొదలు.

లంక ఎవరిదో రాయలేదు.

అక్కడ పట్టుకున్నాం.
తన ఓడ ఆగిన చోటే గుట్టపడింది కనక తనదన్నాడు జిలానీ.
ముందు గేదెని తోలినవాడిదన్నాడు ఏసుపాదం,
వాళ్ళ తాత ఇలాంటిదాని కోసమే కోర్టుకెక్కితే
మూడో వాయిదాకి లంకే కొట్టుకుపోయిందట.
నేను శిస్తు కట్టినవాడిదన్నాను, గుమస్తా బుద్ధి.
ధనకోటి ముప్ఫై పిక్కలూ లెక్కపెట్టి
చుట్టూ లేసు దారం తిప్పి
ముడి వెయ్యకుండా వదిలేసింది.

రెండున్నరకి పాలకొల్లు ఫోన్ చేశాం.
"ఎవరు పోయారు?" అన్నారు మేస్టారు నిద్రమత్తులో.
చెప్పాం.
కాసేపు వాన చప్పుడు, అక్కడిదో ఇక్కడిదో.
"ఇన్నాళ్ళకా!" నవ్వారు, దగ్గొచ్చింది.
"నాకూ తోచకే అక్కడ ఆపేశాను.
లైటు దగ్గరగా పెట్టి చూడండి, పెన్సిలుతో గళ్ళు గీశాను.
ఏమైందో రాసి పంపండి."

చూశాం. ఉన్నాయి, ఖాళీగా.

మొదటి ఎత్తు నాది.
పదకొండేళ్ళలో మొదటిసారి ధనకోటి
నాలాగే ఏమీ తెలియక
గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూచుంది.
ఒక తెల్ల గవ్వ తీసి లంక అంచున పెట్టాను.
"ఉప్పా? అక్కడ ఉప్పెందుకు?"
"గవ్వే" అన్నాను,
"ఇంకా ఏమీ అనుకోలేదు."